కంచె తీగ ఎందుకు తెగుతుంది?

ముళ్లకంచె తెగిన చోట కాసేపు ఆగి చూడండి. రెండు గుంజలకు నడిమధ్యన తెగిన తీగల కంటే గుంజను ఆనుకుని తెగిన తీగలే ఎక్కువగా కళ్లబడతాయి. గేదె మెడ పెట్టి నెట్టింది నడుమన, అడవిపంది దూరింది నడుమన, తెగింది మాత్రం కట్టు దగ్గర. కట్టు సరిగ్గా బిగించలేదని అనుకుంటాం. ఈసారి ఇంకాస్త లావు తీగ తెచ్చి, పట్కారుతో మరో నాలుగు మెలికలు తిప్పి, తీగ ఇక అంగుళం కూడా కదలదని తేలాకే వదులుతాం. కంచెకు జరిగే హాని చాలావరకు అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. కట్టు వదులై తెగిన తీగల కంటే, కట్టు మరీ బిగుసుకుని తెగిన తీగలే ఎక్కువ.

కర్ర గుంజ అయితే యూ ఆకారపు మేకు కొట్టి తీగను నిలబెట్టవచ్చు. ఇనుముకు మేకు దిగదు. మన పొలాల చుట్టూ, మామిడి తోటల చుట్టూ రాతి కడీలు, సిమెంటు పోళ్లతో పాటు ఎల్ ఆకారపు యాంగిల్ గుంజలు ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. అమెరికా పొలాల్లో టీ ఆకారపు ఉక్కు గుంజలు వాడతారు. వాటి ముఖం మీద వరసగా బుడిపెలు ఉంటాయి కాబట్టి తీగ కిందికి జారదు, పైనుంచి ఒక క్లిప్పు తగిలిస్తే చాలు. మన యాంగిల్‌కు ఆ బుడిపెలు లేవు. అందుకే రంధ్రాలు చేయించాలి, లేదంటే అంచున గాట్లు పెట్టించాలి. ఆ రంధ్రంలోంచి ఇంకో సన్నతీగను పోనిచ్చి కంచె తీగను గుంజకు కట్టాలి. ఈ సన్నతీగ ఏ పని చేయాలి, ఏ పని చేయకూడదు అన్నదే అసలు విషయం.

ఒక చిన్న లెక్క వేద్దాం. గుంజకూ గుంజకూ మధ్య 3 మీటర్లు. తీగ రెండు వైపులా కదలకుండా బిగించి ఉంది. గేదె నడిమధ్యన నెట్టి తీగను ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు పక్కకు జరిపింది. ఒకటిన్నర మీటరు ఉన్న సగం తీగ ఇప్పుడు ఏటవాలుగా నిలిచింది. బడిలో చదివిన పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దాని పొడవు దాదాపు 1.53 మీటర్లు కావాలి. రెండు సగాలూ కలిపితే 6 సెంటీమీటర్ల అదనపు తీగ కావాలి. మూడు మీటర్లకు ఆరు సెంటీమీటర్లంటే 2 శాతం. మామూలు ఉక్కు తీగ సాగి, వదిలేయగానే మళ్లీ తన పొడవుకు రాగలిగే హద్దు దాదాపు 0.2 శాతం. అంటే తీగ తన హద్దుకు పదింతలు సాగాలి. అలా సాగిన తీగ తిరిగి రాదు, వేలాడిపోతుంది. అప్పటికే ఎక్కడైనా గాయపడి ఉంటే తెగుతుంది. ఆ గాయం ఉండేది తరచుగా పట్కారు నొక్కిన కట్టు దగ్గరే.

ఇప్పుడు అదే తీగను మధ్య గుంజల దగ్గర జారనిచ్చారనుకోండి. మూల నుంచి మూల వరకు 100 మీటర్లు ఉంటే, కావలసిన ఆరు సెంటీమీటర్లు మొత్తం వందమీటర్ల నుంచీ వస్తాయి. సాగుడు 0.06 శాతం, అంటే హద్దులో మూడో వంతు లోపే. గేదె పక్కకు తప్పుకోగానే తీగ మళ్లీ తన చోటికి వస్తుంది. కట్ల దగ్గర ఒరిపిడి ఉంటుంది కాబట్టి వందమీటర్లూ సమానంగా సాయానికి రావన్నది నిజమే. ముళ్లతీగలో అయితే ముల్లు కట్టుకు తగలగానే జారుడు ఆగుతుంది కూడా. అయినా ఇటు కొన్ని గుంజలు, అటు కొన్ని గుంజల మేర తీగ కాస్త కాస్త జరిగితే చాలు, ఆ ఆరు సెంటీమీటర్లు సమకూరుతాయి.

కాబట్టి వరసలో ఉన్న మధ్య గుంజల పని ఎత్తు నిలబెట్టడం. బిగువు మోయడం వాటి పని కాదు, అది మూల గుంజలది. కట్టు కూడా దానికి తగ్గట్టే ఉండాలి. తీగను పైకీ కిందికీ పోనివ్వకూడదు, పొడవునా మాత్రం జరగనివ్వాలి.

ఇక కట్టే తీరు. 16 గేజీ జీఐ తీగ జానెడు ముక్క తీసుకుని యూలా వంచాలి. ముల్లుకూ ముల్లుకూ మధ్య నున్నగా ఉన్న చోట కంచె తీగ మీదుగా వేసి, ఒక కొసను తీగ పైనుంచి, ఇంకో కొసను కిందినుంచి గుంజ రంధ్రంలోకి పోనివ్వాలి. వెనకవైపు రెండు కొసల్నీ కలిపి మూడు నాలుగు మెలికలు తిప్పి, ఎవరికీ గుచ్చుకోకుండా గుంజకు ఆనించి వంచేయాలి. ఆ తర్వాత కంచె తీగను పొడవునా లాగి చూస్తే కొంచెం జరగాలి, పైకి లాగితే జరగకూడదు. అంతకు మించి ఒక్క మెలిక తిప్పినా నష్టమే.

గేజీ నంబరు గురించి కొత్తవాళ్లు తికమక పడతారు. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఉక్కు కడ్డీని ఒకదానికంటే ఒకటి చిన్న రంధ్రాల గుండా లాగి తీగ చేస్తారు, ఎక్కువసార్లు లాగితే ఎక్కువ సన్నబడుతుంది, నంబరు ఆ లాగుడును అనుసరించి వచ్చింది. 1884లో బ్రిటన్‌లో చట్టబద్ధమైన కొలత ప్రకారం 12 గేజీ అంటే 2.64 మిల్లీమీటర్లు, 14 గేజీ 2.03, 16 గేజీ 1.63. చూడటానికి తేడా చిన్నదే. అడ్డుకోత వైశాల్యం లెక్కేస్తే 12 నుంచి 14కు దిగగానే ఉక్కు 40 శాతం తగ్గిపోతుంది. ముళ్లతీగ కొనేటప్పుడు కట్ట బరువు, ధర చూసి సరిపెట్టుకోకుండా గేజీ అడగాలి. గాల్వనైజ్డ్ ముళ్లతీగకు భారత ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 278. కట్టు తీగ మాత్రం కంచె తీగ కంటే సన్నగానే ఉండాలి. ఎద్దు బలంగా మీదపడ్డప్పుడు ముందు విడిపోవాల్సింది కట్టు. ఇంటి మీటరు దగ్గర ఫ్యూజు చేసే పనే అది. కట్టు ఊడితే జానెడు తీగతో పోతుంది, కంచె తీగ తెగితే వరస మొత్తం వదులైపోతుంది.

కొందరు ఈ గొడవంతా ఎందుకని తీగను గుంజకు వెల్డింగ్ చేయించేస్తారు. అంతకంటే చెడ్డ పద్ధతి నాకు తెలియదు. జింకు 420 డిగ్రీల దగ్గర కరిగి 907 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. వెల్డింగ్ వేడి దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ చుక్క చుట్టూ జింకు పూత పోతుంది, వేడికి తీగ గుణం మారుతుంది, పైగా తీగ అక్కడ శాశ్వతంగా బంధీ అవుతుంది. జింకు పొగ పీల్చిన వెల్డరుకు ఆ రాత్రి చలిజ్వరం రావడం కూడా ఈ పనిలో తెలిసిన జబ్బే.

తీగ బిగువు ఎండతోనూ చలితోనూ మారుతుంది. డిగ్రీ వేడికి మీటరు ఉక్కు 12 మైక్రాన్లు పెరుగుతుంది. తెలంగాణలో డిసెంబరు తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మధ్య ఎండలో ఉన్న తీగ వేడి 40 డిగ్రీల పైనే మారవచ్చు. 30 డిగ్రీలే అనుకుందాం. వంద మీటర్ల తీగ 36 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు కొసలూ కదలకుండా ఉంటే, చలికాలంలో ఒక్క 12 గేజీ పేట మీదే దాదాపు 40 కిలోల బిగువు అదనంగా చేరుతుంది. నడివేసవి మధ్యాహ్నం వీణ తీగలా బిగించిన కంచె సంక్రాంతి నాటికి మూల గుంజను లోపలికి వంచేయడం అందువల్లే. ఎండ వేళ బిగిస్తే కాస్త వదులుగా, చలి వేళ బిగిస్తే కాస్త గట్టిగా ఉంచాలి. ఈ తేడా గ్రహించే మేస్త్రీలు ఉన్నారు, వాళ్లు కట్టిన కంచె చూడగానే తెలుస్తుంది.

ఈ ఎండాచలీ చిక్కే ముళ్లతీగను పుట్టించిన కారణాల్లో ఒకటి. 19వ శతాబ్దపు అమెరికా మైదానాల్లో చెట్లు తక్కువ, రాళ్లు తక్కువ, పొలాలు మాత్రం విశాలం. ఒంటి పేట తీగతో కంచె కడితే వేసవిలో వేలాడేది, మంచుకాలంలో పటుక్కున తెగేది, పశువులు దాన్ని లెక్కచేసేవి కావు. 1867లో ఒహాయోకు చెందిన లూసియన్ స్మిత్, 1868లో మైకేల్ కెల్లీ తీగకు ముళ్లు చేర్చి పేటెంట్లు తీసుకున్నారు. మన రైతు రేగు కంపతో, తుమ్మ కంపతో చేసే పనినే వాళ్లు ఇనుముతో చేయబోయారు. అసలు చిక్కుముడి విడదీసినవాడు ఇల్లినాయ్‌లోని డీకాబ్ రైతు జోసెఫ్ గ్లిడెన్. 1873లో ఆ జిల్లా సంతలో హెన్రీ రోజ్ ప్రదర్శించిన ముళ్ల చెక్కను చూశాక ఆయన తన ప్రయత్నం మొదలుపెట్టాడు. 1874 నవంబరు 24న పేటెంటు వచ్చింది. తీగకు ముల్లు చుట్టి, దాని పక్కన రెండో పేట వేసి రెండింటినీ మెలిపెట్టాడు. ఆ మెలికలో ముల్లు ఇరుక్కుని అటూ ఇటూ జరగదు. అంతకంటే ముఖ్యం, మెలిక ఉన్న తీగ ఎండకు చలికి కొంచెం సాగి కొంచెం ముడుచుకుని తట్టుకుంటుంది. ఆ పేటెంటు మీద వ్యాజ్యాలు ఏళ్ల తరబడి నడిచి 1892లో అమెరికా సుప్రీంకోర్టు గ్లిడెన్ పక్షాన తీర్పిచ్చింది. ఇప్పటికీ మన అంగడిలో దొరికే చుట్టలో ఉన్నది ఆ మెలికే.

మళ్లీ మూల గుంజ దగ్గరికి వద్దాం. ఐదు వరసల కంచెలో వరసకు 100 కిలోల బిగువు ఉంటే మూల గుంజను ఒక వైపుకు అర టన్ను బలం లాగుతుంది. ఎంత లోతుగా పాతినా ఒంటిగుంజ ఆ లాగుడుకు నిలవదు, ఊతం కావాలి. కంచె వెళ్లే దిక్కునే, గుంజ పై భాగం నుంచి నేలకు ఏటవాలుగా ఇంకో యాంగిల్ పెట్టి, దాని పాదాన్నీ కాంక్రీటులో కుదర్చాలి. ఊతం మరీ నిటారుగా ఉంటే తీగ లాగినకొద్దీ గుంజను నేలలోంచి పైకి ఎగదోస్తుంది, అందుకే వాలు ఎక్కువగా ఉండాలి. మూల దగ్గర తీగ రెండు దిక్కులకు వెళుతుంది కాబట్టి ఊతాలూ రెండు. నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చుతుంది, ఏటా గుంజను కొంచెం కొంచెం వదులు చేస్తుంది. చలక నేలలో నిలిచిన లోతు రేగడిలో చాలదు.

నేల ఎగుడుదిగుళ్లను కూడా గమనించాలి. మిట్ట మీద తీగ గుంజను కిందికి నొక్కుతుంది, అది మేలే. పల్లంలో మాత్రం తీగ గుంజను పైకి లాగుతుంది. వాగు దాటే చోట గుంజలు ఊడి తీగలకు వేలాడుతుండటం చూసే ఉంటారు. అక్కడి గుంజకు నేలలో బరువు కట్టాలి, లేదా కాంక్రీటు వేయాలి. తీగ గుంజకు ఏ వైపున ఉండాలన్నదీ అలాంటిదే. నెట్టుడు ఏ వైపునుంచి వస్తుందో ఆ వైపునే తీగ ఉండాలి. పొలంలోకి పశువులు రాకూడదంటే తీగ గుంజకు బయటి వైపు, తోటలో పశువులు బయటికి పోకూడదంటే లోపలి వైపు. అప్పుడు నెట్టుడు గుంజ మీద పడుతుంది, పాపం సన్నపాటి కట్టు మీద పడదు.

తుప్పు గురించి రెండు మాటలు చాలవు. ఇనుము మీద జింకు పూత వేసే పద్ధతికి ఫ్రాన్స్‌లో స్టానిస్లాస్ సోరెల్ 1837లో పేటెంటు తీసుకున్నాడు. జింకు రెండు విధాలుగా కాపాడుతుంది. గాలీ నీరూ తగలకుండా కప్పి ఉంచుతుంది. ఎక్కడైనా గీత పడి ఉక్కు బయటపడితే, ఉక్కు కంటే ముందు తానే కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. అది విద్యుత్ రసాయన చర్య, రెండు లోహాల మధ్య తడి ఉంటే చాలు. పూత చదరపు మీటరుకు 100 గ్రాములైతే దాని మందం 14 మైక్రాన్లు. పొడి పల్లె గాలిలో ఏడాదికి ఒక మైక్రాను లోపే పోతుంది, పదిహేనేళ్ల పైన నిలుస్తుంది. నెల్లూరు, భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద, సముద్రపు ఉప్పు గాలిలో ఏడాదికి నాలుగైదు మైక్రాన్లు పోవచ్చు. అక్కడ అదే తీగ మూడు నాలుగేళ్లకే ఎర్రబడుతుంది.

ఇక్కడే అందరూ చేసే ఒక పొరపాటు ఉంది. స్లాబు కడ్డీలు కట్టే నల్ల బైండింగ్ వైరు చవక, మెత్తన, చేతికి అందుబాటులో ఉంటుంది, దాంతోనే కంచె కట్టేస్తారు. దానికి జింకు పూత లేదు. కంచె తీగ మీది జింకు ఆ నల్ల తీగను కూడా కాపాడబోయి, కట్టు ఉన్న చోట తొందరగా అరిగిపోతుంది. కట్టు సందుల్లో వాననీరు ఆరకుండా నిలుస్తుంది, పట్కారు నొక్కులు అప్పటికే పూతను పగలగొట్టి ఉంటాయి. రెండు మూడు వానాకాలాల్లో కట్టూ పోతుంది, దాని కింది తీగా సన్నబడుతుంది. జీఐ తీగకు జీఐ కట్టే వేయాలి. రంధ్రం చేసిన అంచులకు, కోసిన కొసలకు జింకు రంగు పూయాలి. గుంజలు తుప్పు పట్టేది ముఖ్యంగా నేలకు ఆనిన జానెడు మేర, అక్కడ తడీ గాలీ రెండూ దొరుకుతాయి. కాంక్రీటు పైభాగాన్ని వాలుగా తీర్చి నీరు నిలవకుండా చేసి, ఆ జానెడుకు తారు రంగు పట్టిస్తే గుంజ ఆయుష్షు పెరుగుతుంది.

తెగిన కంచె ముందు నిలబడ్డప్పుడు మొదట చూడాల్సింది కరెంటు. ఎక్కడైనా స్తంభం తీగ తెగి కంచె మీద పడిందా, మోటారు వైరు కంచెకు ఒరుసుకుని పైతొడుగు చిట్లిందా అని పొడవునా చూడాలి. ఇనుప గుంజలు చాలావరకు కరెంటును నేలకు పంపుతాయి గానీ, ఎండిన నేలలో అది ప్రాణం పోకుండా ఆపుతుందని నమ్మలేం. పందుల కోసం కంచెకు ఇంటి కరెంటు తగిలించడం నేరం. దానివల్ల రైతులూ దారినపోయేవాళ్లూ చనిపోయిన వార్తలు మన పత్రికల్లో ఏటా వస్తూనే ఉన్నాయి. సోలార్ కంచె వేరు. అది దాదాపు సెకనుకు ఒకసారి అతి తక్కువ సేపు మాత్రమే దెబ్బ ఇస్తుంది, ఇనుప గుంజకు తగలకుండా ఇన్సులేటర్ల మీద నడుస్తుంది. తెగిన కంచెలో కరెంటు ఉందన్న అనుమానం ఉంటే లైన్‌మన్ వచ్చేదాకా తాకకూడదు.

తర్వాత తెగిన కొసను చదవాలి. కొస దగ్గర తీగ సన్నబడి మొన తేలి ఉంటే మోయలేనంత బరువు పడి సాగి తెగిందన్నమాట. గోధుమరంగు పొలుసులు ఊడి సన్నబడితే తుప్పు. రెండు వైపుల నుంచి నొక్కిన గుర్తుతో మెరుస్తుంటే ఎవరో కత్తిరించారు. ఏమీ సన్నబడకుండా, కట్టును ఆనుకుని సమంగా విరిగి ఉంటే అది అలసట. గాలికి నున్నటి కంచె తీగ జుమ్మని పాడుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలికి 12 గేజీ తీగ సెకనుకు దాదాపు 380 సార్లు కంపిస్తుంది. జారుడు లేని బిగి కట్టు దగ్గర ఆ కంపనమంతా ఒకే బిందువులో తీగను వంచుతూ ఉంటుంది. ఇనుప కమ్మీని అటూ ఇటూ వంచి విరిచినట్టే, కాకపోతే కొన్ని నెలలు పడుతుంది. అలాంటి చోట కొత్త ముక్క వేసి మళ్లీ బిగించి కడితే మళ్లీ అక్కడే తెగుతుంది.

తెగిన కొసల్ని నేరుగా లాగి కలపబోవద్దు, అంత తీగ ఉండదు. అటు మూడు, ఇటు మూడు గుంజల దగ్గర కట్లు విప్పి తీగను వదులు చేయాలి. రెండు కొసల్నీ వంచి చిన్న ఉచ్చులు చేసి, ప్రతి ఉచ్చు తోకను తన తీగకే ఐదారు చుట్లు దగ్గరగా చుట్టాలి. మీటరు పొడవున్న కొత్త ముక్క ఒక కొసను మొదటి ఉచ్చులో దూర్చి, ఉచ్చులా వంచి తనమీదే చుట్టాలి. రెండో కొసను అవతలి ఉచ్చులోంచి పోనిచ్చి, తీగ లాగే పుల్లరుతో కావలసిన బిగువుకు తెచ్చి, వెనక్కు వంచి తనమీదే చుట్టేయాలి. ముడి నిలిచేది ఒరిపిడి వల్ల. ఆయిలర్ 18వ శతాబ్దంలో తేల్చిన లెక్క ప్రకారం ఒరిపిడి గుణకం 0.2 ఉంటే గుంజ చుట్టూ ఒక చుట్టుకు పట్టు మూడున్నర రెట్లు, రెండు చుట్లకు 12 రెట్లు, మూడు చుట్లకు 43 రెట్లు పెరుగుతుంది. మూల గుంజకు తీగను రెండు చుట్లు తిప్పి తర్వాత తనమీదే చుడితే చాలు, పెద్ద ముడులు అక్కర్లేదు. మడత పడి గట్టిగా వంగిన తీగను నిటారు చేసి వాడొద్దు, ఆ వంపు దగ్గర ఉక్కు బిరుసెక్కి పూత చిట్లి ఉంటుంది.

ట్రాక్టరుకు కట్టి లాగడం చాలాచోట్ల అలవాటు. ఎంత లాగామో తెలియదు కాబట్టి అది ప్రమాదం. వంద మీటర్ల ఒంటిపేట 12 గేజీ తీగ, వదులు పోయాక 9 సెంటీమీటర్లు సాగితే దాని మీద వంద కిలోల బిగువు చేరినట్టు. తీగ మీద రంగుతో గుర్తు పెట్టుకుని ఆ సాగుడును కొలవవచ్చు. అంత బిగువులో దాగిన శక్తి, కిలో రాయి నాలుగున్నర మీటర్ల నుంచి పడితే ఉండేంత. తీగ తెగితే అది ముళ్లతో సహా వెనక్కు కొడుతుంది. కళ్లద్దాలు, తోలు చేతిజోళ్లు లేకుండా పుల్లరు పట్టకూడదు. తీగ వరసలో కాకుండా గుంజకు అవతల నిలబడాలి.

చైన్‌లింక్ జాలీకి మరమ్మతు ఇంకా హాయి. దాన్ని ఎవరూ ముడివేయలేదు, ఒక్కో తీగా స్ప్రింగులా మెలితిరిగి పక్క తీగలో అల్లుకుని ఉంటుంది. తెగిన తీగ పై కొసనూ కింది కొసనూ పక్క తీగతో కలిపి మడిచిన చోట విప్పాలి. ఆ తీగను స్క్రూలా తిప్పుతూ పైకి లాగితే పూర్తిగా బయటికి వస్తుంది, జాలీ రెండు ముక్కలుగా విడిపోతుంది. అదే ఎత్తూ అదే కన్నూ ఉన్న కొత్త తీగను రెండు ముక్కల అంచులూ పట్టేలా పైనుంచి తిప్పుతూ దించితే రెండూ ఒకటవుతాయి. కొసలు మడిచి, గుంజల దగ్గర ఇంతకుముందు చెప్పిన యూ కట్లే జారేలా వేసి, కింద నేలకూ జాలీకీ మధ్య రెండు వేళ్ల సందు వదిలితే నేల తడి జాలీ అంచును తినేయదు.